నేలమాళిగలో తొలకరి

జనవరిలో ఒక ఉదయం, రై రొట్టె ముక్కను కాఫీలో ముంచుకు తింటూ, ఫ్లోరియన్ గ్లోవస్కీ ఇవాళ వాన కురిపించాలని నిర్ణయించుకున్నాడు. బయట మిల్వాకీ ఊరంతా మంచులో గడ్డకట్టి ఉంది. అయితే ఆయన వాన కురిపించదలచుకున్నది బయట కాదు. ఇంట్లోనే, రెండు తాబేళ్ళ మీద.

ఆ తాబేళ్ళు ఆయన భార్య బెర్నిస్‌వి. ఉద్యోగం మాని ఎండ ప్రాంతానికి వెళ్ళిపోతున్న ఒక స్కూలు టీచరు దగ్గర, అవి అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చుకుంది. నల్లటి వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకున్న జాతి. ఆడదానికి జడ్విగా అని, మగదానికి స్టాష్ అని పేర్లు పెట్టింది. నేలమాళిగలో ఇంటిని వేడిచేసే కొలిమి పక్కన, పాత భోజనాల బల్ల పలకలతో దొడ్డి కట్టి, పైన వేడి దీపాలు వేలాడదీసి, మేతకు డాండిలియన్ ఆకులు ఎండబెట్టి దాచి పెంచింది. వేడి దేశపు ప్రాణులు కదా, తొలకరి పడితే తప్ప వాటికి జతకట్టే బుద్ధి పుట్టదు. ఏటా చలికాలంలో ఫ్లోరియన్ ఇనుము పోతపోసే ఫౌండ్రీ నుంచి మసి మొహంతో ఇంటికొచ్చేసరికి, బెర్నిస్ క్యాబేజీ చారు వడ్డిస్తూ "ఇవాళ కింద వాన కురిపించాను" అనేది. వసంతంలో గుడ్లు, ఆకులు రాలే వేళకు అక్రోటు కాయంత పిల్లలు. ఆ వాన ఎలా కురిపించేదో ఆయన ఎన్నడూ అడగలేదు. అడగడానికి తొందరేముందిలే అనుకున్నాడు.

బెర్నిస్ పోయాక గుడ్లు ఆగిపోయాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, మేత తప్పలేదు. అయినా ఆ రెండూ ఒకే ఇంట్లో అద్దెకుంటున్న అపరిచితుల్లా చెరో మూలా కూర్చునేవి. వాటిని చూసినప్పుడల్లా, ఆవిడ తనకు అప్పజెప్పి వెళ్ళిన ఒకే ఒక్క పని తన చేతిలో పాడైపోతోందని ఆయనకు గుబులుగా ఉండేది.

ఫ్లోరియన్ తోట గొట్టాన్ని వేడినీళ్ళ కుళాయికి తగిలించి, కొసను పైకప్పు వెంట పోయే పైపుకు కట్టాడు. దీపాలు తీసేశాడు. వాన ముందు ఉరుము ఉండాలి కదా అని, మాంసం కాల్చే పళ్ళెం తెచ్చుకుని గరిటెతో బాదడం మొదలుపెట్టి, కుళాయి తిప్పాడు. కాసేపు అంతా సవ్యంగానే సాగింది. చినుకులు పడ్డాయి, స్టాష్ తల బయటపెట్టి చూసింది కూడా. అంతలో గొట్టం మూతి ఊడి ఎగిరిపోయింది. చినుకు జలపాతమైంది. గది పొగలాంటి ఆవిరితో నిండిపోయింది. ఆయన కిటికీ తెరిచాడు. కుళాయి కట్టేద్దామంటే దాని పిడి చేతిలోకి వచ్చేసింది.

పై అంతస్తులో బెర్నిస్ అక్క లొట్టీ ఉంటుంది. పళ్ళెం మోత, నీళ్ళ హోరు విని, నేలలో ఉన్న వేడిగాలి జాలీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఫ్లోరియన్, ఏం చేస్తున్నావక్కడ?"

"వాన" అని వినిపించింది కింది నుంచి.

"ఏమిటీ?"

"జడ్విగా మునిగిపోతోంది! నాకు కనబడటం లేదు!"

లొట్టీ గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. జడ్విగా ఆవిడ తల్లి పేరు. చెల్లెలు ఆ పేరు తాబేలుకు పెట్టిన సంగతి ఆవిడతో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణాలు ఉండేవి.

ఆవిడ వెంటనే కొడుకు రేమండ్‌కు ఫోన్ చేసింది. రేమండ్ కుళాయిలు, పైపులు బాగుచేసే పనివాడు. "మీ బాబాయికి మతి చెడింది రా. చచ్చిపోయిన మీ అమ్మమ్మ నీళ్ళలో మునిగిపోతోందంటున్నాడు. చెంచాడు నీళ్ళు కాదు, ఇల్లంతా హోరు."

"నీళ్ళ సంగతి నేను చూస్తా. అమ్మమ్మ సంగతి చర్చి ఫాదర్‌కి చెప్పు" అన్నాడు రేమండ్.

ఈలోగా ఎదురింటావిడ, నేలమాళిగ కిటికీలోంచి మబ్బులు మబ్బులుగా వస్తున్నది పొగ అనుకుని అగ్నిమాపక దళానికి ఫోన్ చేసింది. రేమండ్ బండి కంటే ముందు ఎర్ర బండి వచ్చి ఆగింది. దళ నాయకుడు మాలొనీ, ఆరడుగుల పైన మనిషి, వాకిట్లో నిలబడ్డ లొట్టీని అడిగాడు.

"లోపల ఎంతమందున్నారమ్మా?"

"మా మరిది ఒక్కడే. మా అమ్మ కూడా ఉందంటున్నాడు."

"ఆమె వయసెంత?"

"పోయి ఇరవై ఏళ్ళు దాటింది."

చలికాలంలో మాలొనీ అంతకంటే వింతలు విన్నాడు. తలుపు తోసుకుని లోపలికి దిగాడు. ఆవిరిలో మోకాలి లోతు నీళ్ళలో చొక్కా తడిసి ముద్దయిన ముసలాయన కనబడ్డాడు.

"నన్నొదిలెయ్ బాబూ, ముందు జడ్విగాని చూడు" అన్నాడు ఫ్లోరియన్. "బల్ల చెక్క వెనక ఇరుక్కుంది."

"మాట్లాడుతోందా?"

"ఎప్పుడైనా మాట్లాడితే కదా."

"ఊపిరి ఉందా?"

"ఏమో. తల లోపలికి లాగేసుకుంది."

మాలొనీ నమ్మకం కుదరకపోయినా చెక్క ఎత్తి చూశాడు. "ఇక్కడ ఆడమనిషెవరూ లేరు, సార్. ఓ తాబేలుంది."

"అదే జడ్విగా" అన్నాడు ఫ్లోరియన్. తెరిచిన తలుపులోంచి ఊరి పక్కనున్న సరస్సు మీది చలిగాలి నేరుగా లోపలికి వస్తోంది. తడీ చలీ కలిస్తే ఈ జాతి తాబేలుకు ఊపిరితిత్తుల జబ్బు తప్పదు, అది వస్తే బతకడం కష్టం. "తలుపు మూయండయ్యా. అవి మా ఆవిడవి. ఇంకేం మిగల్చలేదు నాకు."

ఆ తర్వాత మాలొనీ తన వృత్తిలో ఎన్నడూ ఇవ్వని ఆజ్ఞలు ఇచ్చాడు. జడ్విగా ఒక కోటులో, స్టాష్ ఒక హెల్మెట్‌లో పైకి చేరాయి. రేమండ్ వచ్చి ప్రధాన గొట్టం కట్టేశాడు. లొట్టీ వంటింట్లో పొయ్యి వెలిగించి, రొట్టె పిండి కలిపే కొయ్య తొట్టిలో తువ్వాలు పరిచి రెంటినీ అందులో పెట్టారు. పైన తాడు కట్టి, దళం వాళ్ళు తడిసిన కోట్లు, ఫ్లోరియన్ చొక్కా, లాగు ఆరేశారు. లొట్టీ ఆయనకు తన పూల గౌను ఇచ్చింది. ఆ చలిలో వంకలు పెట్టే స్థితిలో ఆయన లేడు.

ఆవిడ గసగసాల రొట్టె కోస్తూ, కాఫీ పోస్తూ, తొట్టిలోకి ఒకటికి రెండుసార్లు తొంగి చూసింది.

"బెర్నిస్ దీనికి అమ్మ పేరు పెట్టిందా?"

"ప్రేమతోనే పెట్టింది, లొట్టీ."

లొట్టీ ఇంకోసారి చూసింది. "మెడ మాత్రం అమ్మదే" అని ఒప్పుకుంది.

ఫ్లోరియన్ నవ్వలేదు. "ఆవిడ చేసేదనుకున్నట్టే చేశాను. గొట్టం, వేడినీళ్ళు, ఉరుము. అంతా పాడు చేశాను."

"గొట్టమా? బెర్నిస్ గొట్టం ఎప్పుడు పట్టిందయ్యా?" అంది లొట్టీ. "అది దుప్పట్లు, నీ ఫౌండ్రీ బట్టలు ఉతికి కింద ఆరేసేది. చలికాలం బయట ఆరేస్తే చెక్కల్లా బిగుసుకుంటాయి కదా. పిండే ఓపిక దానికెక్కడిది? నీళ్ళు బొట్టు బొట్టుగా దొడ్డిలో కారేవి. అవి కారుతుంటే అది కింద కూర్చుని అమ్మ పాటలు పాడుకునేది. అదే దాని వాన. నీతో గొప్పలు పోయింది."

ఫ్లోరియన్‌కు ఫౌండ్రీ బట్టల మసివాసన, సబ్బువాసన, ఎర్రబడ్డ ఆవిడ చేతివేళ్ళు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిడ పోయిన వారమే ఆయన బట్టలన్నీ వీధి చివరి లాండ్రీకి వేయడం మొదలుపెట్టాడు. తాబేళ్ళకు కరువు తెచ్చింది తానేనన్నమాట.

"అయితే ఆ వానంతా నా బట్టలూ దుప్పట్లేనా" అన్నాడు మెల్లగా.

అంతలోనే తొట్టిలోంచి 'టక్' మని చప్పుడైంది. మళ్ళీ 'టక్' మంది. తాడు మీది కోట్ల నుంచి నీళ్ళు చుక్క చుక్కగా తొట్టిలో రాలుతున్నాయి. స్టాష్ తన డిప్పతో జడ్విగా డిప్పను తోస్తోంది.

"కొట్టుకుంటున్నాయి, విడదీయనా?" అన్నాడు మాలొనీ కుర్చీలోంచి లేస్తూ.

"కూర్చో నాయనా" అన్నాడు ఫ్లోరియన్. కళ్ళు తుడుచుకోవడానికి ఆయనకు గౌను చేయి తప్ప ఇంకేమీ దొరకలేదు.

సంగతి అర్థమైన లొట్టీ, తల్లి పేరు పెట్టుకున్న ప్రాణికి ఆ మాత్రం మర్యాద ఉండాలని, తొట్టి మీద వంటింటి తువ్వాలు ఒకటి కప్పింది. ఆ పైన అందరికీ మరో విడత కాఫీ పోసింది. కోట్లు ఆరినా దళం వాళ్ళు చాలాసేపటి దాకా కదల్లేదు.

వసంతంలో జడ్విగా గుడ్లు పెట్టింది. ఆకులు రాలే వేళకు పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చాయి. ఇప్పుడు ఫ్లోరియన్ బట్టలు, మాసినా మాయకపోయినా, వారం వారం నేలమాళిగలో పిండకుండా ఆరేస్తున్నాడు. ఏ చొక్కా వేసుకున్నా కొంచెం తడిగానే ఉంటోంది.