దూది నుసికి నారింజరంగు మందు

అయ్యా, దుమ్మును తిట్టకండి. దుమ్మే లేకపోతే యాంటీఆక్సిడెంట్ల మహిమ మనకు ఈ జన్మలో తెలిసేదా?

మా ఆవిడ పరుపుల కార్ఖానాలో పనిచేస్తుంది. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కూరి కుట్టడం అక్కడి పని. అక్కడ లేచే దూది నుసి ఆమెకు పడదు. ఇంటికొచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడుతుంది. చూస్తుంటే నాకు భయమేస్తుంది.

"ఇన్‌హేలర్ మానొద్దమ్మా. ముందు ఆ నుసి తగ్గించమని అడుగు" అన్నాడు డాక్టరు. ఎంత పాతకాలపు మనిషో చూడండి!

కార్ఖానా యజమాని అలాంటివాడు కాదు. నుసి లాగే యంత్రం పెట్టించమని ఆడవాళ్లంతా వెళ్లి అడిగితే, బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసి మరీ పాఠం చెప్పాడు.

"అసలు శత్రువు నుసి కాదమ్మా, ఆక్సిడేటివ్ స్ట్రెస్. అంటే లోపల తుప్పు పడుతోందన్నమాట. తుప్పు వదిలిస్తే సరిపోద్ది."

మర్నాటి నుంచి పొద్దున్నే తలా ఒక నారింజరంగు యాంటీఆక్సిడెంట్ మాత్ర. మింగి, నోరు తెరిచి చూపిస్తేనే హాజరు వేస్తారు.

ఎంత సుఖం! యంత్రమైతే కరెంటు తాగుతుంది, రోజంతా మోత మోగిస్తుంది. మాత్రకు గుక్కెడు నీళ్లు చాలు. పైగా మాత్ర మింగాక కూడా దగ్గు వచ్చిందంటే, ఆ తప్పు కార్ఖానాది కాదు, మీ ఊపిరితిత్తులది! ఈ లెక్కన వంటింటికి కిటికీలెందుకు? మురిక్కాలువకు మూతలెందుకు? ఇల్లంటుకుంటే ఫైరింజన్‌ను పిలవడమెందుకు? తలా ఒక మాత్ర వేసుకుని పడుకుంటే పోలా?

మా ఆవిడకే ఈ సైన్సు ఎక్కదు. "మాత్ర మంచిదే అయ్యుండొచ్చు. దానిమీద ఇంకా పరీక్షలు చేస్తున్నారని డాక్టరుగారు కూడా అన్నారు. కానీ నుసిలో కూర్చోబెట్టి మింగిస్తే, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే కదండీ" అంటుంది.

పోయిన వారం ఆ మాత్రలు మెత్తబడ్డాయి. దుమ్ము, తేమ తగలనివ్వకూడదని డబ్బా మీదే ఉందట. యజమాని అల్లాడిపోయాడు. వెంటనే ఒక గది ఖాళీ చేయించి, తలుపుకు రబ్బరు పట్టీ కొట్టించి, గాలి శుభ్రం చేసే యంత్రం బిగించాడు.

ఆ గది తుడవడానికి వెళ్లిన మా ఆవిడ ఎంతసేపటికీ బయటికి రాలేదు. సూపర్‌వైజర్ వెళ్లి చూస్తే, డబ్బాల పక్కన నేలమీద కూర్చుని, కళ్లు మూసుకుని, హాయిగా ఊపిరి పీలుస్తోంది.

"లేమ్మా, లే. నీ చీర నిండా నుసే. మాత్రలు పాడైపోతాయి" అని బయటికి పంపించి తలుపు వేశాడు.

ఆయన్నేం అనగలం? మా ఆవిడ మాత్రగా పుట్టి ఉండాల్సింది.