అవసరమైతే సగం

ఇంతవరకు కనిపెట్టిన మందులన్నిటిలోకీ గొప్పది దడ తగ్గించే మాత్ర. ఎందుకంటారా? మిగతా మందులు వేసుకున్నవాళ్లకే పనిచేస్తాయి. ఇది వేసుకోనివాళ్లకి కూడా పనిచేస్తుంది! ఒక్కరు మింగితే ఇంటిల్లిపాదీ హాయిగా ఉంటారు.

నమ్మకం లేకపోతే మా అక్క ఇంటికి రండి.

మా అక్క టైలరు. వీధివైపు గదిలో ఆవిడ కుట్టు మిషను, కత్తిరింపు బల్ల, మేకులకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా నలుగురికి సమాధానం చెప్పగల మనిషి. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు ఆవిణ్ణి కత్తెరక్క అంటారు. ఆ పేరు బల్ల మీది కత్తెరను చూసి పెట్టింది కాదు.

ఈమధ్య మా మేనల్లుడికి ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే యోగం పట్టింది. ఆఫీసుకి గది కావాలి కదా? తండ్రీకొడుకులు టేపు పట్టుకుని వీధి గదిని కొలిచారు. ఆ టేపు కూడా అక్కదే. ఆ రోజు నుంచి ఆవిడకి గుండె దడ, చేతుల వణుకు. నిద్ర లేదు. ఎదురుపడ్డవాళ్లందరికీ ఒకటే ప్రశ్న: “మరి నా మిషను ఎక్కడ పెట్టుకోవాలి?”

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. దడ ఎందుకొచ్చిందని ఆవిడ అక్కని అడిగితే మా బావ జవాబు చెప్పాడు: “వయసండీ.”

“రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. పగలు మరీ దడగా ఉంటే, అవసరమైతే, ఇంకో సగం. అంతకు మించొద్దు. ఇది కొన్నాళ్లకే, మళ్లీ వచ్చి కనపడండి” అని మాత్ర రాసిందావిడ.

మన భాష గొప్పతనం ఇక్కడే ఉంది. వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి, నా మాట నమ్మండి. “అవసరమైతే” అన్నారు. ఎవరికి అవసరమైతే? ఎవరు నిర్ణయిస్తే? వాక్యంలో కర్త లేడు! ఖాళీ కుర్చీ కనిపిస్తే మా బావ ఊరుకుంటాడా? వెళ్లి కూర్చున్నాడు.

ఇక అవసరాలు చూడండి. టీవీలో మ్యాచ్ వస్తోంది, అవసరం. మేనల్లుడికి మీటింగ్ ఉంది, అవసరం. చుట్టాలొస్తున్నారు, వాళ్ల ముందు అక్క గది సంగతి ఎత్తుతుంది, మహా అవసరం! “అమ్మా, నీకు కాస్త దడగా ఉన్నట్టుందే” అంటూ కొడుకు నీళ్లగ్లాసుతో తయారు. లేదురా అంటే, “చూశావా, విసుక్కుంటున్నావు. అదే దడ” అంటాడు. ఔనన్నా సగం, కాదన్నా సగం. రెండు సగాలు కలిస్తే ఒకటని లెక్కల మాస్టార్లు చెబుతారు గానీ, మా బావ లెక్కలో ఎన్ని సగాలైనా సగమే.

ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. మా బావ ఆ పుస్తకం ముట్టుకోకుండానే సూత్రం పట్టేశాడు. చిన్న గొడవకి ఒకటి, పెద్ద గొడవకి రెండు! వద్దని మొండికేస్తే పొడి చేసి టీలో కలిపాడు. దగ్గొస్తే దగ్గు సిరప్ కూడా పైన పోశాడు. అదీ మత్తే, ఇదీ మత్తే, తోడుగా ఉంటాయనుకున్నాడేమో. మందుల షాపువాడు పాత చీటీకే కొత్త అట్టలు ఇస్తూ పోయాడు. ఎంత మంచివాడో!

ఇంత చక్కటి పద్ధతిని ఒక్క ఇంటికే ఎందుకు పరిమితం చెయ్యాలి? జీతం పెంచమని గుమాస్తా మేనేజరు గది తలుపు తట్టాడా? పాపం, దడగా ఉన్నట్టుంది, సగం ఇవ్వండి. లిఫ్ట్ ఎప్పుడు బాగుచేస్తారని పై అంతస్తు ముసలాయన మీటింగ్‌లో లేచి నిలబడ్డాడా? సగం. కుళాయి రావడం లేదని వీధి వీధంతా రోడ్డెక్కిందా? ట్యాంకరు పంపండి, మాత్రలు అందులోనే కలిపి! ప్రశ్న అడగడం కన్నా పెద్ద జబ్బు లోకంలో ఇంకోటి ఉందా?

ఫలితాలు కూడా చెప్పాలి కదా. అక్క మాట తగ్గింది. మిషను చప్పుడు తగ్గింది. మెట్లు దిగుతూ తూలింది, గోడ ఉండబట్టి సరిపోయింది. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఇంట్లో ఒకటే నవ్వు. ఆ చొక్కా నేనూ చూశాను. కళ్లు మూసుకుని కాజాలు కుట్టే మనిషి మా అక్క. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఒకనాడు మిషను సూది ఆవిడ వేలి గోట్లోంచి దిగింది. నేను పక్కనే ఉన్నాను. అక్క “అబ్బా” అనలేదు. ఎవరిదో వేలన్నట్టు దానివంక చూస్తూ కూర్చుంది.

“చూశావా, మీ అక్కకి ఎంత ఓర్పు వచ్చిందో!” అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. వ్యంగ్యం రాసేవాడికి ఒళ్లు మండకూడదంటారు, పాఠకులు మన్నించాలి. కర్త మా బావ, క్రియ మింగించడం, కర్మ మాత్రం మా అక్కది!

వేలికి కట్టు కట్టించి, అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. బావ వెంటపడ్డాడు. టీలో పొడి దగ్గర్నుంచి దగ్గు సిరప్ దాకా అన్నీ డాక్టరమ్మకి చెప్పేశాను. “అవసరమైతే అన్నారని...” అంటూ నసిగాడు.

“ఆవిడకి అవసరమైతే అన్నానండీ, మీకు కాదు. అంతకు మించొద్దన్న ముక్క వినపడలేదా? పైగా దగ్గు మందా? నిద్రలోనే ఊపిరి ఆగిపోతే ఏం చేసేవారు?”

బావ మొహం పాలిపోయింది. “అయితే ఇవాళే మానిపించేస్తాం” అన్నాడు.

“అదీ మీరే నిర్ణయించేశారా? ఒక్కసారిగా ఆపితే అదో ప్రమాదం. నేను చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.” ఆవిడ కుర్చీ అక్కవైపు తిప్పుకుంది. “మీరు చెప్పండమ్మా. ఈ దడ ఎప్పట్నుంచి?”

“గది కొలిచినప్పట్నుంచి” అంది అక్క.

మాత్రలు తగ్గుతూ వచ్చాయి, మాటలు పెరుగుతూ వచ్చాయి. మాత్రల అట్ట ఇప్పుడు అక్క గుండుసూదుల డబ్బాలో ఉంటోంది. అందులో చెయ్యి పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ప్రశాంతత మాత్రం సర్వనాశనమైంది.

నిన్న బావ ఫోన్ చేశాడు. వెనక మిషను టకటకలాడుతోంది. దానిమీద అక్క గొంతు: “నా మిషను ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమంటుంటే ఫోన్లెవరికి?”

“పొద్దుట్నుంచి ఇదే పాటోయ్. నాకు గుండె దడగా ఉంది. ఆ మాత్ర నేనో సగం వేసుకోవచ్చంటావా?” అన్నాడు బావ.

“ఒకళ్లకి రాసింది ఇంకొకళ్లు మింగకూడదు బావా. ముందు అక్క అడిగినదానికి జవాబు చెప్పు. దడ తగ్గకపోతే డాక్టరమ్మ దగ్గరికెళదాం. నీ తరఫున అన్నీ అక్కే మాట్లాడుతుంది. మాత్ర రాస్తే డబ్బాలో తనే దాస్తుంది. అవసరమైతే తనే ఇస్తుంది.”

మిషను చప్పుడు దూరమైంది, ఫోన్ పట్టుకుని వసారాలోకి వెళ్లినట్టున్నాడు.

“అవసరమైతే అంటే...” అన్నాడు బావ, గొంతు తగ్గించి. “ఎవరికి?”

ఏళ్ల తరబడి వ్యాకరణం చెప్పాను. ఇంత మంచి ప్రశ్న అడిగిన విద్యార్థి నాకింతవరకు తగల్లేదు.