నాన్నగారి ముఖానికి విదేశీ అనుమతి

మనిషి ముఖం పుట్టుకతోనే అతనికి సంక్రమించినా, దరఖాస్తు పెట్టి రుసుము కట్టేదాకా అది లోకంలో ఎవరిదైనా కావచ్చు. ఈ సత్యం తెలుసుకోవడానికి చిన్నయజమానికి రెండేళ్ళూ, నాలుగు పెన్నులూ పట్టాయి.

చిన్నయజమాని అంటే కుర్రాడేం కాదు. నలభై ఏడేళ్ళు, బీపీ, చత్వారం అన్నీ సకాలంలో వచ్చాయి. తాళాల కార్ఖానా పెట్టింది తండ్రి కాబట్టి ఆయన పెద్దాయన, ఇతను చిన్నయజమాని. బట్టతల వచ్చినా హోదా మారలేదు. వాళ్ళ తాళాల డబ్బా మీద పెద్దాయన ముఖం ఉంటుంది. ఫొటోగ్రాఫరు మూడోసారి "కాస్త నవ్వండి సార్" అన్నప్పుడు తీసిన ఫొటో అది. తాళం లేకపోయినా ఆ డబ్బా ఒక్కటి తలుపుకి వేలాడదీస్తే చాలు, దొంగ వెనక్కి పోతాడని కొన్నవాళ్ళు చెప్పుకుంటారు.

ఆ తాళాల కోసం పై దేశంలో ఒక హార్డ్‌వేర్ వ్యాపారి కబురు పెట్టాడు. ఏడాదికి సరిపడా సరుకు కావాలన్నాడు. ఆ ఆర్డరు దక్కితే ప్రెస్ మిషన్లు తిరుగుతాయి. దక్కకపోతే పద్నాలుగుమంది పనివాళ్ళకి ఏం చెప్పి ఇంటికి పంపాలో చిన్నయజమానికి తెలియదు. వాళ్ళలో సగంమంది అతన్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్ళు. వ్యాపారి పెట్టిన షరతు ఒక్కటే. ముందు డబ్బా మీది ముఖాన్ని తమ దేశంలో ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించాలి, తాళాల సంగతి ఆ తర్వాతే.

ఇక్కడ ఆ కుటుంబం ఆచారం ఒకటి చెప్పాలి. సంతకం పెట్టేముందు కాగితం చదవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. చదివి సంతకం పెట్టడమంటే ఎదుటివాణ్ణి అనుమానించడమేనని పెద్దాయన సిద్ధాంతం. "అనుమానించేవాళ్ళ కోసం తాళాలు చేస్తాం. మనమే అనుమానిస్తే ఎట్లా?" అంటారు. (ఈ కథ చెబుతున్నవాడు ఫోన్లో 'అంగీకరిస్తున్నాను' అని కనబడ్డ చోటల్లా నొక్కేసినవాడే కాబట్టి, నవ్వే అర్హత ఇతనికి లేదు.)

ఫొటోస్టాట్ షాపు మీది గదిలో ట్రేడ్‌మార్క్ ఏజెంటు ముప్ఫై ఎనిమిది పేజీల ఫారం ముందు పెట్టాడు. చిన్నయజమాని ముప్ఫై ఎనిమిది సంతకాలు పెట్టి, లేచి, చెయ్యి విదిలించుకున్నాడు.

నాలుగు నెలలకి పై దేశపు ముఖపరీక్షాధికారి మొదటి అభ్యంతరం వచ్చింది. దరఖాస్తులో గుర్తును 'కోపంగా ఉన్న పెద్దమనిషి' అని వర్ణించారు. కోపం సర్వసాధారణ గుణం. కనుక కోపం మీద తనకు ప్రత్యేక హక్కేమీ లేదని దరఖాస్తుదారు ఒప్పుకోలు పత్రం రాసివ్వాలి. చిన్నయజమాని రాసిచ్చాడు.

"దాని కాపీ ఒకటి ఫ్రిజ్ మీద కూడా అంటించండి" అంది భార్య.

రెండో అభ్యంతరంలో, ముఖం తాళానికా, తాళంచెవికా, లేక చెవి దూరే కన్నానికా తేల్చమన్నారు. మూడింటికీ అన్నాడు. కన్నం ఖాళీ ప్రదేశం గనుక దానికి స్థిరాస్తి విభాగంలో విడిగా అడగాలన్నారు. అడిగాడు. మూడో అభ్యంతరం చూసి మాత్రం ఏజెంటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదే ముఖాన్ని ఏడేళ్ళ కిందటే ఎవరో రిజిస్టరు చేయించుకున్నారండీ. పేరు ఇక్కడుంది, చూస్తారా?"

"దొంగవెధవ పేరు నాకెందుకండీ? రద్దు చెయ్యమని కేసెయ్యండి. సంతకం ఎక్కడ?"

ఆ దొంగ ఎవరో పాఠకులకి ఇప్పుడే చెప్పేయడం మర్యాద. పెద్దాయనే. ఏడేళ్ళ కిందట ఒక ఎగ్జిబిషన్లో టీ తాగుతుంటే, టై కట్టుకున్న ఒక మనిషి మీ గుర్తుకి విదేశాల్లో రక్షణ కావాలా అని ఫారం చాపాడు. రక్షణ అన్నమాట వినగానే పెద్దాయన, పాత కంపెనీ పేరు మీద, పాత షాపు అడ్రసుతో సంతకం పెట్టేశారు. ఏ దేశమని అడగలేదు. టీ చల్లారేలోపు ఆ సంగతి మర్చిపోయారు కూడా.

ఇప్పుడు ఆ పాత షాపుకి నోటీసులు రావడం మొదలైంది. పెద్దాయన రోజూ పొద్దున అక్కడ కూర్చుని పేపరు చదువుతారు. (పేపరు చదువుతారు. నోటీసులు చదవరు.) కవరు విప్పకుండా తన పాత ప్లీడరు చేతిలో పెట్టి, వచ్చిన జవాబు మీద సంతకం చేసేవారు. అలా ఒకే ఇంట్లోంచి తండ్రీకొడుకులు పై దేశపు ఆఫీసులో ఏడాదిన్నర పోట్లాడుకున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకరినొకరు ఓదార్చుకున్నారు.

"ఏరా, నీ ముఖం కేసు ఎందాకా వచ్చింది?"

"వాడు మొండివాడు నాన్నా. ఒక్క ఉత్తరానికీ తగ్గడం లేదు."

"వదలకు. ఇలాంటి వాళ్ళకి సిగ్గూ శరం ఉండవు. నా మీదా ఎవడో పాత షాపు తాలూకు తగాదా వేశాడు. ముసలాణ్ణి కదా, బెదిరిపోతాననుకున్నాడు."

"ఎవడు నాన్నా వాడు?"

"ఎవడైతే ఏంలే. ప్లీడరు చూసుకుంటున్నాడు."

"మామయ్యా, ఆ కాగితాలు నేనోసారి చదవనా?" అంది కోడలు.

"నీకెందుకమ్మా ఆ తలనొప్పి?" అన్నారు ఇద్దరూ కలిసి. ఆ కేసులో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్కసారే.

ఆఖరి విచారణకి ముందు, ముఖం గల వ్యక్తి అంగీకారపత్రం కావాలని కొడుకుని అడిగారు. అతను కాగితం తెచ్చి పెద్దాయన కంచం పక్కన పెట్టాడు. ఆయన ఎడమచేత్తో పట్టుకుని, చెయ్యి కడుక్కొచ్చి, సంతకం చేశారు. వెంటనే జేబులోంచి ఇంకో కాగితం తీశారు.

"మా ప్లీడరు ఇచ్చాడు. సాక్షి సంతకం కావాలట. పెట్టు."

చిన్నయజమాని పెట్టాడు. నా ముఖాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదు, అడిగినవాడు మోసగాడు అని అందులో ఉంది. రెండు కాగితాలూ ఒకే కొరియర్లో వెళ్ళాయి.

ముఖపరీక్షాధికారి ఇలాంటి కేసు చూడలేదు, అయినా నిబంధనలు చూశాయి. సంతకాలన్నీ అసలైనవే. కనుక రెండు ప్రకటనలూ నిజమే. రిజిస్టరైన నాటినుంచీ ఈ ముఖం ఈ దేశపు మార్కెట్లో ఎవరికీ కనబడలేదు గనుక పాత హక్కు రద్దు. ముఖం ఇచ్చానని, ఇవ్వలేదని ఒకే మనిషి చెప్పాడు గనుక కొత్త దరఖాస్తు తిరస్కారం. ఇకపై సదరు ముఖం ఎవరిదీ కాదు.

తీర్పు ప్రతులు రెండూ ఒకేరోజు వచ్చాయి. పాత షాపుకి వచ్చినదాన్ని పెద్దాయన కవరు విప్పకుండా ఇంటికి తెచ్చారు. ఈసారి కోడలు ఎవరినీ అడగలేదు. వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి చదివింది. తర్వాత ముందుగదిలోకి వచ్చి, వాది పేరూ ప్రతివాది పేరూ మెల్లగా చదివి వినిపించింది.

చిన్నయజమానికి సిగ్గేసింది. కార్ఖానాలో ఆగిపోయిన మిషన్లు గుర్తొచ్చి, ఆ సిగ్గు భయంలోకి దిగింది.

"అయితే రెండేళ్ళనుంచీ దొంగ పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను" అన్నాడు.

"నేనూ అంతేగా" అన్నారు పెద్దాయన.

"తాళం వేశారు, గొళ్ళెం మరిచారు" అంది కోడలు.

విషయం అక్కడి వ్యాపారికి తెలిసింది. ఆయన మర్యాదస్తుడు. ఎవరిదీ కాని ముఖానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు గనుక, దాన్ని తన పేరు మీద పదకొండు వారాల్లో రిజిస్టరు చేయించుకున్నాడు. తర్వాత ఉత్తరం రాశాడు. ఆర్డరు ఖాయం, సరుకు పంపండి, ముఖం వాడుకునేందుకు మీకు అనుమతి ఇస్తున్నాం, జతపరిచిన లైసెన్సు మీద సంతకాలు చేసి పంపగలరు.

చిన్నయజమానికి ప్రాణం లేచొచ్చింది. మిషన్లకి నూనె పెట్టమని చెప్పి రావడానికి చెప్పులేసుకున్నాడు. "ఉండండి, ముందు చదవనివ్వండి" అంటూ కోడలు కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెద్దాయన సంతకం చేసేసి పెన్ను మూత పెడుతున్నారు. సాక్షి గళ్ళో కొడుకు సంతకం ఇంకా తడిగా ఉంది.

ఆమె నిలబడే చదివింది.

"ఏడాదికోసారి మళ్ళీ అనుమతి అడగాలి మామయ్యా. ఇంకో షరతు కూడా పెట్టారు. గుర్తుకి నష్టం కలిగేలా ముఖం తీరు మారకూడదట. అంటే మీరు నలుగురిలో నవ్వకూడదు."

పెద్దాయనకి నవ్వొచ్చింది. లైసెన్సు గుర్తొచ్చి ఆపుకున్నారు.