వెర్నా పాఠం వెర్నా వినలేదు

మంగళవారం ఉదయం 8.10కి వెర్నా హోల్‌క్విస్ట్ న్యాయవాది కాకుండా పోయింది. ఇరవై ఆరేళ్లుగా అలవాటైన పని కావడంతో ఆ సంగతి ఆమెకు తెలియలేదు. కౌంటీ కోర్టు గుమాస్తా డ్వేన్ కంప్యూటర్ చూసి చెప్పాడు.

“వెర్నా, నీ పేరు ఎర్రగా వస్తోంది.”

“ఎర్రగా అంటే?”

“పచ్చగా లేదని.”

9.30కి ఆమె కక్షిదారు ఓర్విల్ టెస్కె కేసు ఉంది. చక్రాల కుర్చీలో తిరిగే భార్య కోసం ఆయన అద్దె స్థలంలో నిలిపిన తన ట్రెయిలర్ ఇంటి గుమ్మానికి చెక్కతో వాలుదారి కట్టాడు. స్థలం యజమాని అనుమతి తీసుకోలేదు. (అడిగాడు. దరఖాస్తు ఫారం ఇంకా అచ్చు కాలేదన్నారు.) స్థలం ఖాళీ చేయాలని యజమాని దావా వేశాడు.

వెర్నా రాష్ట్ర సుప్రీంకోర్టు నిరంతర న్యాయవిద్యా విభాగానికి ఫోన్ చేసింది. న్యాయవాదికి చట్టం తెలిస్తే చాలదు, తెలుసుకుంటున్నట్టు కనపడాలి అన్నది ఆ విభాగం స్థాపక సూత్రం. అధికారిణి మార్లిస్ కాప్ ఎత్తింది.

“ఏటా వినాల్సిన పాఠాల్లో మీకు నీతి గంట ఒకటి తక్కువైందండి. అందుకే లైసెన్సు ఆగింది.”

“నవంబర్‌లో నీతి పాఠం చెప్పిందే నేను కదమ్మా! రెండొందల మంది విన్నారు.”

“విన్నవాళ్లందరికీ గంట పడింది. మీరు చెప్పారు. విన్నట్టు ఆధారం లేదు.”

“నా నోటితో చెప్పింది నా చెవిన పడదా?”

“పద్నాలుగో నిబంధనలో చెవి ప్రస్తావన లేదండీ. రికార్డింగ్ ఉంది, వినేయండి. అయిపోగానే పచ్చ.”

8.25కి వెర్నా కోర్టు వరండా బల్ల మీద కూర్చుని ఫోన్‌లో తన పాఠం వినడం మొదలుపెట్టింది. దాని పేరు ‘విచారణ రోజున కక్షిదారును ఒంటరిగా వదలకండి’. నిడివి గంట. మెలకువగా ఉన్నట్టు పది నిమిషాలకోసారి తెర మీద వచ్చే బొత్తాం నొక్కాలి.

ఓర్విల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఎవరమ్మా ఈవిడ? బాగా చెప్తోందే.”

“నేనే.”

“నువ్వా? ఇంత నెమ్మదిగా ఎప్పుడు మాట్లాడావు తల్లీ?”

9.15కి ఆయన అడిగాడు: “జడ్జిగారు నన్ను అడిగితే ఏం చెప్పను?”

వెర్నా ఫోన్ కిందపెట్టి, ఆయన వైపు తిరిగి, వివరంగా చెప్పింది. ఆ లోపు బొత్తాం వచ్చి పోయింది. పాఠం మొదటికి వెళ్లింది.

వెర్నా మళ్లీ ఫోన్ చేస్తే మార్లిస్ సానుభూతి చూపింది. “ఆ టైంలో ఏం చేస్తున్నారండి?”

“కక్షిదారుతో మాట్లాడుతున్నా.”

“మరి శ్రద్ధ లేనట్టేగా.”

9.30కి కేసు పిలిచారు. వాయిదా కోరడానికి వెర్నా లేచింది. జడ్జి ప్రూయిట్ తెర చూశాడు. ఎరుపు.

“నవంబర్‌లో మీ పాఠం విన్నానమ్మా. చాలా బాగుంది. కూర్చోండి.”

తానూ విన్నానని అవతలి న్యాయవాది అన్నాడు. వాయిదా అడిగేవాళ్లు లేకపోవడంతో వాయిదా పడలేదు.

ఓర్విల్ లేచి టోపీ చేత్తో పట్టుకున్నాడు. “మా ఆవిడ మెట్లెక్కలేదండి.”

“అనుమతి ఉందా?”

“ఫారం లేదన్నారండి.”

“అంటే లేదు.”

9.41కి ఉత్తర్వు వచ్చింది. ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి.

వెర్నా వరండాలోకి వచ్చి బొత్తాలన్నీ వేళకు నొక్కింది. 10.48కి ఆమె పేరు పచ్చబడింది. పాఠాన్ని సాంతం శ్రద్ధగా విన్నట్టు ధ్రువపత్రం అందింది.

ఉత్తర్వు ప్రతిని డ్వేన్ ఓర్విల్‌కు ఇచ్చాడు. అందులో ‘ప్రతివాది తరఫు న్యాయవాది’ అన్న చోట ‘ఎవరూ లేరు’ అని ఉంది.