వాచీ వద్దన్న రోజు

ఒళ్ళు బాగుందో లేదో ఒంటికే తెలుస్తుందనుకోవడం పాతకాలపు మూఢనమ్మకం! ఆ సంగతి తేల్చాల్సింది మణికట్టు మీది వాచీ. అది బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. మధ్యలో మనమెవరం?

నమ్మకపోతే మా బావను చూడండి.

బావ పళ్ళ డాక్టరు. రోజంతా ఎవరెవరి నోళ్ళలోకో వంగి చూసీ చూసీ నడుం పట్టేసి, నలభై దాటాక పరుగులో పడ్డాడు. పోయినేడు ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, సగం దారిలో చతికిలబడి, నిర్వాహకుల వ్యానులో తిరిగొచ్చాడు. అంతవరకు ఫరవాలేదు. కానీ వ్యాను దిగుతున్నప్పుడు, తన దగ్గర పన్ను పీకించుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టాడు. నిజంగా మెచ్చుకున్నాడో, పన్ను కసి తీర్చుకున్నాడో ఇప్పటికీ తేలలేదు. ఈ ఏడు మాత్రం తన కాళ్ళ మీదే గీత దాటి తీరాలని బావ పంతం పట్టాడు.

పార్కులో శిక్షణ ఇచ్చే విజిల్ మాస్టారి దగ్గర చేరాడు. ఆయన పద్ధతి వినండి. "మంచి రోజున ఎగిరిపడొద్దు, చెడ్డ రోజున ఏడుస్తూ కూర్చోవద్దు. రెండు రోజులూ బూట్లు కట్టుకుని రండి. చెడ్డ రోజున మెల్లగా పరుగెత్తండి, అంతే."

అంతేనట! ఒళ్ళు బరువుగా ఉన్నా బూట్లు కట్టుకోవాలట! ఇలాంటి మొరటు మనుషుల బారి నుంచి మనల్ని కాపాడడానికే వాచీ పుట్టింది.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే బావ రెండు వాచీలు తెచ్చాడు. రెండూ నలుపు, అచ్చం కవలలు. ఒకటి తన ఫోనుకు కలుపుకున్నాడు. రెండోది మా అక్క చేతికి కట్టి, "నీకు టైము చూసుకోడానికి చాల్లే" అని దేనికీ కలపకుండా వదిలేశాడు. రోజూ సాయంత్రం ఫ్రిజ్ మీద రెండూ పక్కపక్కనే ఛార్జింగుకు కూర్చునేవి.

ఇక పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు. రాత్రి ఎంత నిద్రపట్టింది, గుండె ఎలా కొట్టుకుంది, అన్నీ లెక్కేసి ఫోను తీర్పు చెప్పేస్తుంది. పచ్చరంగు వస్తే మంచి రోజు, పరుగెత్తండి. ఎర్రరంగు వస్తే చెడ్డ రోజు, పడుకోండి.

ఎంత హాయి! పూర్వం పరుగు ఎగ్గొట్టాలంటే వాన రావాలి, కుక్క తరమాలి, కడుపులో మెలిపెట్టాలి. అబద్ధమాడిన పాపం అదనం. ఇప్పుడు సర్టిఫికెట్టు చేతిలోనే ఉంది! ఈ సదుపాయం అన్నిటికీ పెట్టాలని నా మనవి. ఆఫీసులో ఫైలు అడిగితే, "సార్, ఇవాళ నాకు ఎరుపు." పక్కింటాయన తన నిచ్చెన తనకిమ్మంటే, "రేపు పచ్చబడితే చూద్దాం." కాదనగలవాడెవడు?

మొదట్లో బావకు వరసగా పచ్చరంగే వచ్చింది. విజిల్ మాస్టారు కూడా భుజం తట్టారు. సరిగ్గా పరుగుకు ఇంకా మూడు వారాలుందనగా, ఏం దిష్టి తగిలిందో, అంతా ఎరుపే!

ఆ మూడు వారాల్లో బావ నేర్చుకున్న విజ్ఞానం ఇంతా అంతా కాదు. రాత్రి పడుకున్నవాడు తెల్లారాక లేచి ఫోను చూస్తే, 'నిద్ర చాలా తక్కువ' అని ఉండేది. "చూశావుట్రా, హాయిగా నిద్రపోయానని భ్రమపడ్డాను!" అనేవాడు నాతో. ఆదివారమంతా సోఫాలో పడుకుంటే, 'ఎన్నో మెట్లు ఎక్కారు, అలసిపోయారు' అని వచ్చేది. "పరుగు గురించి ఆలోచించడం కూడా వ్యాయామమేనన్నమాట!" అని ఆశ్చర్యపోయి, ఆలోచన తగ్గించుకోవడానికి ఇంకో కునుకు తీసేవాడు.

ఇంట్లో అలికిడి కూడా ఒక కారణమేమోనని బావకు అనుమానం. వాళ్ళమ్మ, అంటే నాకు అత్తయ్య, మోకాలి ఆపరేషన్ చేయించుకుని కింది గదిలో మంచం మీద ఉంది. మా అక్క రాత్రిళ్ళు ఆవిడ పక్కనే చాప వేసుకుని, పిలిచినప్పుడల్లా లేస్తుంది. పగలు బడిలో మూడేళ్ళ పిల్లల వెంట పరుగులు. ఇంటికొచ్చాక గిన్నెలు కింద, ఉతికిన బట్టలు డాబా మీద. "కాస్త తలుపులు మెల్లగా వెయ్యవే, నాకు రోజూ ఎరుపొస్తోంది" అన్నాడు బావ. అక్క తలుపులు మెల్లగా వెయ్యడం మొదలెట్టింది.

పరుగు రోజు రానే వచ్చింది. బావను తీసుకెళ్దామని తెల్లారేసరికి వెళ్ళాను. చొక్కాకు నంబరు గుచ్చుకుని, బూట్లు కట్టుకుని, ఫోను చేతిలో పట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నేను రానురా. ఇంత ఎరుపు ఎప్పుడూ రాలేదు. అసలు కదలొద్దంటోంది."

"ఎక్కడ నొప్పి బావా?"

"అదే భయంగా ఉంది. ఎక్కడా లేదు!"

అంతలో అక్క తడిబట్టల బకెట్టుతో గదిలోంచి వచ్చి మేడమెట్లు ఎక్కింది. బావ చేతిలో ఫోను టింగుమంది. మెట్ల లెక్క ఒకటొకటిగా పెరుగుతోంది! అక్క పైన ఆగింది, లెక్క ఆగింది. అక్క దిగొచ్చింది, అడుగుల లెక్క పెరిగింది.

"బావా, నువ్వు కూర్చునే ఎక్కి దిగుతున్నావా?"

జవాబు లోపలి గదిలోంచి అత్తయ్య చెప్పింది. "వాడికి నిద్ర లేకపోవడమేమిటిరా? వాడి గురక ఈ గదిలోకి వినపడుతుంటేనూ! నిద్ర లేనిది ఆ పిల్లకి."

బావ లేచి అక్క చెయ్యి పట్టుకుని చూశాడు. వాచీ పట్టీ మీద పళ్ళ అచ్చులు తీసే తెల్లటి పిండి మరక. అక్క బడిలో పళ్ళ అచ్చులు తియ్యరు. ఏదో సాయంత్రం ఫ్రిజ్ మీద కవలలు తారుమారయ్యాయి. ఫోనుకు కలిపిన వాచీ అక్క చేతికి వెళ్ళింది, ఉత్త వాచీ బావ చేతికి వచ్చింది. అంటే అలసట అక్కది. తీర్పు అక్క మీద. అది తీసుకోమన్న విశ్రాంతి మాత్రం మొత్తం బావ తీసుకున్నాడు!

"మూడు వారాలుగా నీకు నిద్ర లేదా?" అన్నాడు బావ.

"అడిగితే చెప్పేదాన్నిగా" అంది అక్క.

నాకు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత అక్క కళ్ళ కింద నల్లటి చారలు చూసి నవ్వు రాలేదు.

బావ చొక్కాకున్న నంబరు పిన్నీసులు ఒక్కొక్కటే ఊడదీశాడు. "వెళ్ళి పడుకో. పైగదిలో."

"ఏడాదిగా పరుగు పరుగని చంపావు కదా, ఇప్పుడు..."

"కదలొద్దని చెప్పింది నీకు. నాకు కాదు."

అక్క ఇంకేదో అనబోయింది గానీ, మెట్లెక్కుతుండగానే ఆవులింత ఆ మాటను మింగేసింది.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. బావ కింది మెట్టు మీద కూలబడి ఉన్నాడు. కాళ్ళకు ఇంకా పరుగు బూట్లే. అత్తయ్యకు కాపడం పెట్టి, వంట చేసి, గిన్నెలు తోమి, డాబా మీది బట్టలు తెచ్చేసరికి ఆయాసం. ఇంతలో ఫోను టింగుమంది. బావ ఆశగా చూశాడు.

'గంటల తరబడి మీరు అసలు కదల్లేదు. లేచి నాలుగడుగులు వెయ్యండి!'

కింద పచ్చరంగు. మూడు వారాల తర్వాత మొదటిసారి.

విసిరి కొడతాడనుకున్నాను. బావ ఫోను మోగకుండా చేసి జేబులో పెట్టుకుని, "ష్, పడుకుంది" అన్నాడు. లోపల్నుంచి అత్తయ్య మంచినీళ్ళడిగింది. నడుం పట్టుకుని లేచి వెళ్ళాడు.

కాబట్టి మహాశయులారా, ఎవరేమన్నా నేను వాచీ పక్షమే! ఆ ఇంట్లో మూడు వారాలపాటు మా అక్క ఎలా ఉందో రోజూ పొద్దున్నే కనుక్కున్నది అదొక్కటే మరి.