కుట్టుకు వదిలిన రెండంగుళాలు

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రానికల్లా నాన్న కారుకు కొత్త ముందుభాగం అతికించాలి, అక్క ఉండే వీధిలోకి తోలుకెళ్లి హారన్ కొట్టాలి. ఆరేళ్ల కిందట డ్రైవింగ్ నేర్చుకుంటానని ఆ పాతకాలపు కారును తీసుకెళ్లి గోడకు గుద్దాడు. "నాన్న బండి మొహం నుజ్జు చేశావు. ఇక నీ మొహం నాకు చూపించకు" అంది అక్క. అన్నమాట మీద నిలబడటంలో ఆవిడ అచ్చం తండ్రే. అప్పట్నుంచి వీధిలో ఎవరి నడక ఆవిడలా అనిపించినా దర్జీ మిషన్ ఆపి తొంగి చూసేవాడు. అంత బెంగ.

ఆ మోడల్ భాగాలు ఎక్కడా దొరకలేదు. వెల్డర్ పాతఇనుము కొట్టులోంచి వేరే కారు ముందుభాగం దర్జీ ఇంటి పక్క షెడ్డుకు మోసుకొచ్చాడు. అది బాగా వెడల్పు.

"కొలత గీసివ్వండి, కోసి అతికిస్తా" అన్నాడు.

కొలతల సంగతి దర్జీకి ఒకరు చెప్పాలా! మెడలో టేపు తీసి కారును కొలిచాడు, కొత్త ముక్క మీద సుద్దతో గీశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి దానంతటదే అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు కుట్టుకు వదిలింది. వెల్డర్ గీత తప్పకుండా కోశాడు. తీరా పెట్టి చూస్తే రెండువైపులా పొడుచుకొచ్చింది.

"గుడ్డయితే లోపలికి మడుస్తారు. రేకునెక్కడ మడవమంటారు?"

"మళ్లీ మాత్రం కోయకు! చాలకపోతే ఏం చేస్తాం? సందుల్లో అతుకులు వేసెయ్."

స్టీరింగ్ కదలకుండా పట్టుకోమంటే దర్జీ లోపల కూర్చున్నాడు. అతుకులు ముందు తలుపుల అంచుల్ని కూడా కలుపుకుని బిగిశాయి. ఆ సంగతి తెలియక వెల్డర్ బండిని వెనకనుంచి తోశాడు. అది షెడ్డు గుమ్మంలో ఇరుక్కుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

దర్జీ భార్య ఫోను అందుకుంది. "వదినా! ఈయన కారులో ఇరుక్కుపోయారు! తలుపులు రావట్లేదు, రేకు కోసి బయటికి తీయాలట!"

అక్క ఇంకేమీ వినలేదు. రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో, ఏడుస్తూ వంటింటి వైపు గుమ్మంలోంచి షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. చూస్తే తమ్ముడు స్టీరింగ్ ముందు నిక్షేపంగా కూర్చునున్నాడు.

"వెనక తలుపు ఉందిగా, వెధవా!"

ఆ కంగారులో ఎవరికీ అది తట్టలేదు. ఆవిడే తలుపు లాగి, తిట్టే ఓపిక కోసం వెనక సీట్లో కూలబడింది. చిన్నప్పుడు ఆవిడ కూర్చునే చోటే అది. చేత్తో సీటు నిమిరింది.

"అక్కా, నీ దగ్గరికే తెద్దామని..."

"ఈ మొహంతోనా? ఇది నాన్న బండేనా?" కళ్లు తుడుచుకుంది. "నీకు వదిలేస్తే ఇంకేం తగిలిస్తావో. ఇది బాగయ్యేదాకా నేనే రోజూ వచ్చి దగ్గరుండి చేయిస్తా."

"గంట పనమ్మా, ఇప్పుడే కోసేస్తా" అన్నాడు వెల్డర్.

"తొందరేం లేదు, నిదానంగా చెయ్యి" అన్నాడు దర్జీ.

ఆ మాట ఇంతవరకూ ఏ దర్జీతోనూ ఎవరూ అని ఉండరు.