ఒక్క సెంటు మీద ఓడ

అయ్యా, అమ్మా! యూరోలో నూరోవంతు విలువైన ఒక్క సెంటు నాణెం దండగ, తీసేయాలి అంటున్న పెద్దమనుషులకు నా నమస్కారం. మీరు పప్పులో కాలేశారు!

దాని వెడల్పు పదహారు మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ. జేబులో ఉన్నట్టే తెలియదు! కింద పడితే ఎవరూ వంగరు, నడుములు పదిలంగా ఉంటాయి. ఇంతటి ఆరోగ్య పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టిందా?

ఇక చదువు సంగతి. మా గ్రీసు సెంటు మీద పాతకాలపు తెడ్ల యుద్ధనౌక ఉంటుంది. రెండు సెంట్ల మీద తెరచాప ఓడ, అయిదు సెంట్ల మీద చమురు ఓడ. ధరలు పెరగడం అంటే ఏమిటో పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా ఎలా చెబుతారు?

అన్నిటికన్నా ముఖ్యం, కొత్త సంవత్సరం కేకు. మా అత్తగారు పొలిక్సేని ఒకప్పుడు అందులో బంగారు కాసు దాచేవారు. ఎవరి ముక్కలో వస్తే ఆ ఏడాది అదృష్టం వారిది. ఇప్పుడామె పింఛనుకు సెంటే గతి. నయమే కదా, పలచన కాబట్టి పళ్ళు విరగవు!

ఈసారి అది మా బావమరిది స్టమాటిస్ ముక్కలో తేలింది. వాడు ఓడల వెల్డరు. మా రేవు పక్కన ఓడలు కట్టే యార్డు మూతపడ్డప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. కోసేముందు అత్తగారు కేకు పళ్ళెం వాడివైపు మెల్లగా తిప్పడం అందరం చూశాం, ఎవరం చూడనట్టు ఊరుకున్నాం.

"చూశావట్రా! ఈ ఏడు నీకు పని దొరికి తీరుతుంది!" అన్నారావిడ.

స్టమాటిస్ నాణేన్ని గోటితో గీకాడు. "పైన రాగి పూతేనమ్మా, లోపలంతా ఉక్కే."

"ఉక్కయితే ఏం? నువ్వు అతికించేది ఉక్కేగా!"

వాడు దాన్ని బొటనవేలి మీద పెట్టుకుని నావైపు తిరిగాడు. "బావా, ఈ ఓడకి నూట డెబ్భై మంది తెడ్డేసేవాళ్ళు కావాలట. ఒక వెల్డర్ని కూడా పెట్టుకుంటారేమో కనుక్కోరాదూ?"

అందరం పగలబడి నవ్వాం. అత్తగారు నవ్వలేదు. దేవుడి పేరున తీసిపెట్టిన ముక్క కూడా తెచ్చి వాడి పళ్ళెంలో పెట్టారు.

కాబట్టి పెద్దమనుషులారా, ఆ నాణెం జోలికి మాత్రం పోకండి. మా రేవులో యార్డుకు తాళం పడింది. ఇక మేం ఓడలు తయారుచేసే చోటు టంకశాల ఒక్కటే!